యారాలి కన్ను

తల్లి కడుపు చీకటిలో ఎముకకు ఎముకను కూర్చి, మట్టిలాంటి మనిషికి ఒక ముఖాన్నిచ్చి వెలుగులోకి పంపించే దేవునికి ముందుగా స్తోత్రం. ఆ పని ఆయనది. నేను వాకిలి దగ్గర నిలబడి చేయందించినదాన్ని మాత్రమే. నా చేతుల్లో మొదటి ఊపిరి తీసుకున్న ప్రతి బిడ్డ పేరునా ఆయనను స్తుతిస్తూ, నా ఉద్యోగ జీవితంలో నేను మరిచిపోలేని ఒక ఇంటి సంగతి రాస్తున్నాను.

అది 2010వ సంవత్సరం. నేను తంగళ్ళపల్లిలో అద్దెకు ఉంటూ సిరిసిల్లలో ఒక నేతకార్మికుల వాడకు ఎ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. ఎ.ఎన్.ఎం. అంటే గర్భిణులను మొదటి నెలల నుంచి కనిపెట్టుకుని ఉండి, పుట్టిన పిల్లలకు టీకాలు వేసి, వాళ్లు సరిగా ఎదుగుతున్నారో లేదో ఇంటింటికీ తిరిగి చూసే ఆరోగ్య కార్యకర్త. మాది మల్లాపూర్ పక్క పల్లె. మా నాయన ఆరు రోజులు కూలికి పోయి, ఏడో రోజు మా చిన్న సంఘంలో వాక్యం చెప్పేవాడు. వాడలో నేను ప్రార్థన చేసుకునే మనిషినని అందరికీ తెలుసు. కొందరు నన్ను సిస్టర్ అనేవాళ్లు, పెద్దవాళ్లు సిస్టరమ్మా అనేవాళ్లు.

ఆ వాడలో దాదాపు ప్రతి ఇంటి వెనకా సాంచాలే. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే గోడలూ గడపలూ కూడా దడదడలాడతాయి. కార్ఖానాలో పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. పెదవులు కదిలిస్తారు, కనుబొమ్మలు ఎగరేస్తారు, చేతులతో సైగ చేస్తారు. కొత్తలో వాళ్లు కొట్లాడుకుంటున్నారో, అన్నానికి పిలుచుకుంటున్నారో నాకు తెలిసేది కాదు.

నర్సవ్వది అలాంటి ఇల్లే. ఇద్దరు కొడుకులు సాంచాలు నడిపేవాళ్లు. ఇద్దరు కోడళ్లు అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. పెద్దకోడలు రజితకు కోరుట్ల తల్లిగారిల్లు. చిన్నకోడలు మౌనికది జగిత్యాల దగ్గరి గొల్లపల్లి. తోడికోడలిని మా వైపు యారాలు అంటాం. రజితకు పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. మందులు మింగింది, మొక్కులు మొక్కింది, వాళ్లూ వీళ్లూ అన్న మాటలు కూడా మింగింది. చివరికి ఆమె నెల తప్పింది. ఆ సంతోషం ఇంట్లో నెల కూడా నిలవలేదు. కొత్తగా కాపురానికొచ్చిన మౌనిక కూడా వాంతులు చేసుకుంది.

రజిత సబ్‌సెంటర్‌కు వచ్చి బల్ల మీద కూర్చుంది. సబ్‌సెంటర్ అంటే మా చిన్న ఆరోగ్య ఉపకేంద్రం.

"ఇన్నేండ్లు రాని వాంతులు నాకు ఇప్పుడచ్చినయి. నేను జర సంబురపడే టైముకే దానికి గూడ రావాల్నా సిస్టర్?"

"వాంతులకు నీ టైము ఎట్ల తెలుస్తది రజితా?"

"దానికి తెలుసు" అంది రజిత. వాంతులను కాదు, యారాలిని ఉద్దేశించి.

నెలకొకసారి గర్భిణులందరినీ కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఐరన్ గోలీలు, ఆస్పత్రి కాన్పు, పుట్టగానే పట్టాల్సిన ముర్రుపాలు, వీటితోపాటు ఇంకో మాట తప్పకుండా చెప్పేదాన్ని. ఆరో నెల దాటాక కడుపులో బిడ్డ వింటుంది, దానితో మాట్లాడండి అని. మర్నాటి నుంచి రజిత అరుగు మీద కూర్చుని పొట్టతో మాట్లాడటం మొదలుపెట్టింది. అది చూసి మౌనిక ఇంకొంచెం గట్టిగా మొదలుపెట్టింది. నర్సవ్వ నాతో మొరపెట్టుకుంది.

"ఏం నేర్పినవో గని సిస్టరమ్మా, ఇద్దరు పొట్టలతోని ముచ్చట్లు వెడుతుండ్రు. అత్తతోని మాట్లాడేటోళ్లు లేరు. మా ఇంట్ల కడుపుల ఉన్నప్పుడే సాంచాల సప్పుడు ఇంటరు. పుట్టంగనే దారం తెగిందో లేదో చెప్తరు."

తొలి కాన్పులు కాబట్టి ఇద్దరూ తల్లిగారిళ్లకు పోయారు. కోరుట్లలో రజితకు ఆడపిల్ల పుట్టింది. జగిత్యాలలో మౌనికకు మగపిల్లవాడు పుట్టాడు. కొన్ని నెలలకు మౌనిక తిరిగి వస్తోందని తెలిసి, ఇంకా ఉండాల్సిన రజిత కూడా ఆ వారమే వచ్చేసింది. తన బిడ్డ ముఖం అత్త మొదట చూడాలని ఆమె పట్టుదల.

అత్త చూసింది. కానీ ఎత్తుకున్నది మనవణ్ని.

అతని పేరు సాత్విక్. నిండుగా, బూరెలా ఉండేవాడు. రజిత బిడ్డకు శ్రీనిధి అని పేరు పెట్టారు గానీ ఇంట్లో అందరికీ పాప. సన్నగా ఉండేది. సాంచా మొదలైతే ఉలిక్కిపడేది, గిన్నె పడితే ఏడ్చేది, పక్కింటి కోడి కూసినా నిద్ర లేచేది. సాత్విక్ మాత్రం కార్ఖానా గోడను ఆనుకుని కట్టిన ఊయలలో, అంత దడదడలోనూ ఆదమరిచి నిద్రపోయేవాడు. ఆ నిద్ర వాడకంతా ముచ్చట. నర్సవ్వ వచ్చినవాళ్లందరినీ ఊయల దగ్గరకు తీసుకెళ్లి చూపించేది.

"నేతగాని బిడ్డంటె గట్లుండాలె. సాంచా ఆగితే లేస్తడు సూడు. సప్పుడు లేకుంటె వానికి నిద్ర రాదు."

నిజంగానే కరెంటు పోయి సాంచాలు ఆగగానే అతను కళ్లు తెరిచేవాడు. తల్లులు మౌనికను చూసి నిట్టూర్చేవాళ్లు. పిల్లలు నిద్రపోనివ్వక కళ్లు గుంటలు పడినవాళ్లకు అలాంటి కొడుకు కన్నా వేరే భాగ్యం ఏముంటుంది? రజిత అందరికన్నా ఎక్కువ నిట్టూర్చేది. టీకాల రోజున తన బిడ్డను తూకం మీద పెట్టకముందే "ఆ పోరని బరువెంత?" అని అడిగేది. వాడు బోర్లా పడ్డాడా, కూర్చున్నాడా, పన్ను వచ్చిందా, అన్నీ ఆమెకు తెలుసు. ఎవరి బిడ్డ సంగతి ఏ తల్లిని అడగాలో నాకే తెలియనంతగా అతన్ని కనిపెట్టుకుని ఉండేది.

"మా వాని లెక్కలు నాకంటె అక్కకే ఎక్కువ ఎరుక" అని మౌనిక మూతి తిప్పేది. "జర నీ బిడ్డను సూసుకోరాదక్కా, పుల్ల లెక్క ఉన్నది."

"పుల్లైనా పిలిస్తె పలుకుతది" అంది రజిత ఒకసారి. ఆ మాటను నేను యారాళ్ల పోట్లాటలో ఒక ఎత్తిపొడుపుగానే విన్నాను. అక్కడున్న వాళ్లందరూ అలాగే విన్నారు.

మా పనిలో మైల్‌స్టోన్స్ అని చూస్తాం. ఏ నెలలో మెడ నిలపాలి, ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు శబ్దం వైపు తల తిప్పాలి అనే వరస. సాత్విక్ మెడ నిలిపాడు, నవ్వాడు, వేలు చూపిస్తే దాని వెంట కళ్లు తిప్పాడు. పిలిస్తే చూస్తాడా అని అడిగితే మౌనిక "మస్తు సూస్తడు" అనేది. అది అబద్ధం కాదు. సాంచాల వాడలో ఎవరూ దూరం నుంచి పిల్లల్ని పిలవరు. దగ్గరికొచ్చి, ముఖంలో ముఖం పెట్టి, పెదవులు బాగా కదిలించి మాట్లాడతారు. బిడ్డ చూస్తాడు, నవ్వుతాడు.

2011లో వానలు తగ్గేసరికి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూసేశారు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సమ్మెలో మేమూ ఉన్నాం గానీ పసిపిల్లల టీకాలు మాత్రం ఆపలేదు. బొగ్గు గనుల్లో పని నిలిచిపోవడంతో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అది పోయినప్పుడు వాడంతా ఒక్కసారిగా సద్దుమణిగేది.

అలాంటి ఒక మధ్యాహ్నం రజిత పాపను చంకనేసుకుని సబ్‌సెంటర్‌కు వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఒక ముచ్చట చెప్త సిస్టర్. నువ్వు గూడ నన్ను తిట్టద్దు."

"చెప్పు."

"మౌనిక కొడుక్కు ఇనవడదు."

ఆమెను కూర్చోమన్నాను.

"నీకెట్ల తెలిసింది?"

"కరెంటు పోయినప్పుడు సూసిన. నా సెల్లు వాని తలాపున బొంత కింద వెట్టి, మా ఆయన సెల్లుతోని మిస్డ్ కాల్ కొట్టిన. నా సెల్ల పాట ఎంత జోరుగ మోగుతదో నీకెరుకే గదా. అవతల అర్రల ఉన్న నా బిడ్డ ఉలికివడి లేచింది. వాడేమో పైకి సూసుకుంట కాళ్లాడిస్తున్నడు. మల్ల కొట్టిన. తెల్లారి మల్ల కొట్టిన."

"ఎందుకు కొట్టినవ్ రజితా?"

ఆమె పాప జుట్టు సరిచేసింది.

"నువ్వు దేవుని మనిషివి, నీకు అబద్ధం చెప్ప. మొదటిసారి కొట్టినప్పుడు నాకు సంబురమైంది. అందరు మెచ్చే పోరనికి ఒక వంక దొరికిందనుకున్న. రెండోసారి ఇంటడా ఇనడా అని కొట్టిన. ఆ తర్వాత ఇనాలె, ఇనాలె అనుకుంటనే కొట్టిన. నిన్న సెల్లు వాని చెవు పక్కనే వెట్టిన. గప్పుడు మౌనిక సూసింది."

"ఏమన్నది?"

"నా కొడుకు నిద్ర సూసి నీ కండ్లల్ల నిప్పులు వడ్డయి అన్నది. అత్త ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది. వాని దిక్కు పోవద్దన్నరు. బస్సులు మొదలుగాంగనే గొల్లపల్లికి పోతదట. నేనున్న ఇంట్ల వాన్ని ఉంచదట." పాపను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. "నాకు కుళ్లున్నది సిస్టర్. లేదని నేనంటలేను. గని కుళ్లున్న కండ్లకు కనవడ్డదంత అబద్ధమైతదా?"

అసూయ మీద మా నాయన నోట ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. అది పాపమని, కొంప కూల్చే గుణమని వాక్యం చూపించి చెప్పేవాడు. అవన్నీ నిజమే. రజిత అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం అందులో నాకు దొరకలేదు.

కానీ ఇది తొందరపడాల్సిన విషయం. బిడ్డ మెదడు మాటకు దారి వేసుకునేది మొదటి రెండు మూడేళ్లలోనే. ఆ కాలంలో చెవిలో మాట పడకపోతే, తర్వాత ఎంత పోసినా ఆ దారి సరిగా పడదు. మౌనిక ఇప్పుడు గొల్లపల్లికి వెళ్తే అక్కడా అతన్ని బుద్ధిమంతుడనే అంటారు. మూడేళ్లు వచ్చి మాట రాకపోతే, మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని ఇంకో ఏడాది ఆగుతారు. అప్పటికి ఆ పిల్లవాడి చేతిలోంచి కాలం జారిపోతుంది. ఇక రజిత పేరు ఎత్తి నేను ఆ ఇంటికి పోతే గడప కూడా దాటనివ్వరు.

రెండు రోజులకు బంద్ పిలుపు వచ్చింది. ఆ రోజు ఒక్క సాంచా నడవదు. పొద్దున్నే మోకాళ్లూని ప్రార్థించి, తంగళ్ళపల్లి నుంచి మానేరు వంతెన మీదుగా నడిచి వచ్చాను. వాడ అంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో గిన్నె తోముతున్న చప్పుడు కూడా వీధి చివరకు వినిపిస్తోంది.

మగవాళ్లు ర్యాలీకి పోయారు. రజిత తన ముందుగదిలో పరదా వేసుకుని పాపతో ఉంది. నర్సవ్వ, మౌనిక నన్ను బాగానే పలకరించారు. పిల్లవాడి మైల్‌స్టోన్స్ చూడాలన్నాను. మౌనిక ఒళ్లో అతన్ని కూర్చోబెట్టి, నర్సవ్వను ఎదురుగా కూర్చోమని, ఎర్రదారం చుట్టిన కండె ఒకటి చేతికిచ్చి ఆడించమన్నాను. దీన్ని డిస్ట్రాక్షన్ టెస్ట్ అంటారు. బిడ్డ కళ్లను ముందున్న వస్తువు మీద నిలిపి, వెనక నుంచి చప్పుడు చేస్తారు. నీడ పడకూడదు, గాలి తగలకూడదు, తల్లి కదలకూడదు. వినగలిగే బిడ్డ ఆట మరిచి వెనక్కి తిరుగుతాడు.

గిలక్కాయ ఊపాను. స్టీలు గ్లాసులో చెంచా తిప్పాను. రెండో వైపుకు జరిగి మళ్లీ చేశాను. సాత్విక్ కళ్లు కండె మీదే ఉన్నాయి.

"ఆటల వడ్డడు సిస్టర్" అంది మౌనిక.

"అయితే నువ్వు పిలువు. తల్లి గొంతు కంటె ఆట ఎక్కువ కాదు. పిలగాన్ని అవ్వకిచ్చి, నా జాగల నిలవడి పిలువు."

మౌనిక లేచి వెనక నిలబడింది. "సాత్విక్" అంది మామూలుగా. తర్వాత "కన్నా, ఇటు సూడు నానా" అంది ఇంకొంచెం గట్టిగా. అవ్వ ఒళ్లో అతను కండెను నోట్లో పెట్టుకోబోతున్నాడు. మౌనిక మళ్లీ పిలిచింది.

ఆ పిలుపుకు ముందుగది పరదా కదిలింది. దాని కింద నుంచి పాప పాకుతూ వచ్చింది. గొంతు ఎటు నుంచి వచ్చిందో వెతుక్కుంటూ, తిన్నగా మౌనిక కాళ్ల దగ్గరకు వచ్చి, చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకి చూసింది.

మౌనిక పాపను చూసింది. తన కొడుకు వీపును చూసింది. మళ్లీ పాపను చూసింది.

రజిత పరదా దగ్గరకు వచ్చి నిలబడింది. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.

"నీ బిడ్డను తీస్కపో" అంది మౌనిక మెల్లగా. "నీ కడుపు సల్లవడ్డదా అక్కా?"

రజిత వచ్చి పాపను ఎత్తుకుంది. "లేదు" అని ఒక్క మాట అని లోపలికి పోయింది.

నర్సవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "సాంచా ఆగితే లేస్తడు గదా సిస్టరమ్మా. ఇనకుంటె ఎట్ల లేస్తడు?" అని పట్టుబట్టింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మర్నాడు సాంచాలు మొదలయ్యాక మళ్లీ వెళ్లాను. ఆమె అరచేతిని తీసుకుని ఊయల కట్టిన ఇనుప రాడ్డు మీద ఆనించాను. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్న మనిషి, ఉలిక్కిపడి చెయ్యి తీసేసుకుంది.

"జుమ్ము జుమ్ము అంటంది."

"అవ్వా, వాన్ని నిద్రవుచ్చేది గిదే. సాంచా ఆగితే గిది ఆగుతది. అందుకే లేస్తడు."

నర్సవ్వ ఆ రాడ్డును మళ్లీ ఒకసారి పట్టుకుంది. "మా పెద్దకోడలు దిష్టి తగిలి గిట్లాయెనా?" అంది.

"ఎవ్వల చూపుకూ చెవులు పోవు అవ్వా. ఆమె చూడకపోతే మనకు తెలిసేది కాదు."

బస్సులు లేవు. సాత్విక్ తండ్రి మోటారుసైకిల్ మీద తల్లీబిడ్డలను జగిత్యాలకు తీసుకెళ్లాడు. అక్కడి చెవి డాక్టరు చూసి, సమ్మె ముగిశాక హైదరాబాద్‌లో బేరా చేయించమన్నాడు. బేరా అంటే బిడ్డ నిద్రలో ఉండగా తలకు చిన్న తీగలు అంటించి, చప్పుడుకు చెవి నరం ఎంత స్పందిస్తుందో చూసే పరీక్ష. సమ్మె ముగిశాక వెళ్లి చేయిస్తే రెండు చెవుల్లోనూ తీవ్ర వినికిడి లోపం ఉందని తేలింది. పూర్తిగా పోలేదు. హియరింగ్ ఎయిడ్ పెట్టి, రోజంతా దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉంటే మాటలు వచ్చే అవకాశం బాగానే ఉందన్నారు. హియరింగ్ ఎయిడ్ అంటే చెవి వెనక పెట్టే చిన్న వినికిడి యంత్రం.

ఇక్కడితో పని అయిపోయిందని మీరనుకోవచ్చు. అసలు కష్టం ఇక్కడే మొదలైంది.

ఆ యంత్రం మాటనూ పెంచుతుంది, సాంచా దడదడనూ పెంచుతుంది. మౌనిక ఉండే గది కార్ఖానాను ఆనుకుని ఉంది. యంత్రం పెట్టగానే పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు, పీకేశాడు. వీధివైపు ఉన్న ముందుగది ఒక్కటే కాస్త ప్రశాంతం. అది పెద్దకోడలిగా రజితకు ఇచ్చిన గది.

మౌనిక దాన్ని అడగనంది. "ఆమె బిడ్డ గొంతు ఇంటెనే నా కడుపుల మంటైతంది సిస్టర్. నేను పిలిస్తె ఆమె బిడ్డ అచ్చింది. నా కొడుకు రాలే. ఆ పోరి అత్తా, తాతా అంటుంటె నా చెవులు మూసుకోబుద్ధైతంది. ఆమె అర్రల నేను గూసోవాల్నా? గొల్లపల్లికే పోత."

"పోయినంక అక్కడ వానితోని ఎవలు మాట్లాడుతరు?"

"నేను మాట్లాడుత."

"రోజంత?"

బీడీలు చుట్టే చేతులు రోజంతా ఖాళీగా ఉండవు.

రజితను అడిగాను. ఆమె వెంటనే తలూపుతుందని నేనేమీ ఆశపెట్టుకోలేదు.

"ఇస్త" అంది. "గని ఉత్తగ ఇయ్య. నేను దిష్టి వెట్టిన్నని వాడంత చెప్పుకున్నది గదా. ఇప్పుడు రజితక్క చూసి చెప్తెనే మా వాని సంగతి తెలిసిందని అదే వాడంత చెప్పాలె. బోరింగు కాడ, ఆడోళ్లందరు ఉన్నప్పుడు."

ఈ షరతును మౌనిక దగ్గరకు మోసుకుపోయింది నేనే. ఆమె పళ్లు కొరికింది. రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున బోరింగు దగ్గర బిందె నింపుతూ, ఎవరి ముఖమూ చూడకుండా, "మా వానికి ఇనవడదని మొదాలు కనిపెట్టింది రజితక్కనే, అందరు ఇనుండ్రి" అందట. ఎవరో "ఏందే?" అంటే, "ఒక్కసారే చెప్త అన్న, చెప్పిన" అని బిందె ఎత్తుకుని వచ్చేసిందట. ఆ సాయంత్రమే ఊయల ముందుగదికి మారింది.

వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లలా అయ్యారని రాస్తే అది నా కల్పన అవుతుంది. వాళ్లు అలాగే ఉన్నారు. ఒక చాప మీద కూర్చుని రెండు దిక్కులకు ముఖం పెట్టి బీడీలు చుట్టేవాళ్లు. కానీ పోటీ ఉంది చూశారూ, అది మాత్రం పనికొచ్చింది. స్పీచ్ థెరపీ అంటే మాట నేర్పే శిక్షణ. ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా, చేసే ప్రతి పనికీ పేరు పెట్టి చెప్పాలి. రజిత తన బిడ్డకు "ఆకు, ఆకు" అని బీడీ ఆకు చూపిస్తే, మౌనిక తన కొడుకుకు "ఆకు, దారం, కత్తెర" అని మూడు చూపించేది. ఒకరు పాడితే ఒకరు గొంతు పెంచేవాళ్లు. పిల్లలు కడుపులో ఉన్నప్పుడు కూడా వీళ్లిద్దరూ ఇలాగే కదా అని నర్సవ్వ నవ్వేది. సాత్విక్ చెవికున్నది తనకూ కావాలని పాప ఏడిస్తే, ఆమె చెవి వెనక దూది ఉండ ఒకటి పెట్టి ఊరుకోబెట్టింది కూడా నర్సవ్వే.

నెలలు గడిచాయి. సాత్విక్ తలుపు చప్పుడుకు తిరిగాడు. తర్వాత కుక్క అరుపుకు తిరిగాడు. నోట్లోంచి ఏవో కూతలు వచ్చేవి గానీ మాట రాలేదు. మౌనిక "అమ్మ, అమ్మ" అని రోజంతా అతని ఎదుట పెదవులు కలిపి విడదీసేది. ఆమె పెదవులు ఎండి పగిలిపోవడం నేను చూశాను.

ఒకరోజు టీకాల సమయంలో అందరినీ తోసుకుంటూ లోపలికి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. ఏదో అనర్థం జరిగిందనుకున్నాను.

"సిస్టర్, నువ్వే చెప్పు. నేను కన్న, నేను పాలిచ్చిన. పొద్దంత అమ్మ అను, అమ్మ అను అని నోరు నొయ్యంగ చెప్తున్న. ఇయ్యాల పొద్దుగాల వాడు నోరిప్పిండు. ఏమన్నడో ఎరుకనా? పాప అన్నడు. యారాలి బిడ్డను పిలిచిండు. అది పలుకుకుంట ఉరికచ్చింది. ఆమె మొకం సూడాలె నువ్వు, ఎంత మురిసిపోయిందో. నా కండ్ల ముందట ఇద్దరు తల్లీబిడ్డలు మురుస్తుండ్రు, నేను గుడ్లప్పగించి సూడవడితి."

చేతిలో సిరంజి పక్కన పెట్టి ఆమెను కౌగలించుకున్నాను. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. అంత కడుపుమంటతో నిండిన శుభవార్తను నేను నా ఉద్యోగంలో మళ్లీ వినలేదు.

ఆ కేసు తర్వాత నా పని తీరు ఒక విషయంలో మారింది. బిడ్డ ఎదుగుదల గురించి తల్లిని అడిగాక, ఆ ఇంట్లో ఆ బిడ్డను చూసి ఓర్వలేని మనిషి ఎవరో తెలుసుకుని ఆమెనూ అడిగేదాన్ని. యారాలు కావచ్చు, ఆడబిడ్డ కావచ్చు, గోడ అవతలి ఆమె కావచ్చు. తల్లి కన్ను బిడ్డలో తనకు కావాల్సింది చూస్తుంది. ప్రేమలో ఆ గుడ్డితనం ఉంది, దానికి ఆమెను తప్పుపట్టలేం. ఓర్వలేని కన్ను మాత్రం వంక కోసం వెతుకుతుంది, వెతికేదానికి కనబడుతుంది. అసూయ మంచిదని నేనెప్పుడూ అనను. అది పాపమే. కానీ మన పాపంలో పుట్టిన చూపును కూడా ఒక పసివాడి మేలుకు వాడుకోగల దేవుణ్ని నేను నర్సవ్వ ఇంట్లో చూశాను.

చదివిన మీరు నాతో కలిసి ఒక ప్రార్థన చేయాలని కోరుతున్నాను. ఇప్పుడే కడుపుతో ఉన్న తల్లుల కోసం, మాట కోసం ఎదురుచూస్తున్న పిల్లల కోసం చేయండి. ఆ తర్వాత, మీకు తెలిసిన పిల్లల్లో ఎవరిని చూస్తే మీ కడుపులో కొంచెం మండుతుందో ఆ పేరు గుర్తుచేసుకోండి. వాళ్ల బరువు, వాళ్ల మార్కులు, వాళ్ల మాటలు మీకు బాగానే తెలిసి ఉంటాయి. ఆ పిల్లకో ఆ పిల్లవాడికో ఏం తక్కువైందో కన్నవాళ్ల కంటే ముందు మీరే చూసి ఉండవచ్చు. ఆ పేరు పెట్టి, ఆ తక్కువ తీర్చమని దేవుణ్ని అడగండి. ఆమెన్ అన్నాక లేచి వెళ్లి, ఆ తల్లికి చెప్పండి.